బరువు ఏ కాలి మీద ఉంది?

మా ఆఫీసులో మళ్ళీ యాన్యువల్ డే గోల మొదలైంది. మొన్న హెచ్ఆర్ వాళ్ళ మెయిల్ వచ్చింది. జంటలుగా పేర్లివ్వాలట, ఆరు క్లాసుల్లో సాల్సా నేర్పించి స్టేజీ ఎక్కిస్తారట. పైగా ‘టర్న్‌లు, స్పిన్‌లు కూడా’ అని చివర్లో ఒక ఊరింపు. రిప్లై ఆల్ కొట్టి నాలుగు మాటలు రాద్దామని చెయ్యి జిల పెట్టింది గానీ, హోమ్ లోన్ గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ నాలుగు మాటలూ ఇక్కడ రాసుకుంటున్నాను. నాలుగు కాస్తా నాలుగొందలైతే మీరే సర్దుకోవాలి.

ముందే చెప్పేస్తున్నా, నేను డాన్సు మాస్టర్ని కాను. ఇరవయ్యేళ్ళుగా హైదరాబాదులో జావా రాసుకుని బతుకుతున్నవాణ్ణి. మాది శ్రీకాకుళం జిల్లా భావనపాడు. టెక్కలి నుంచి నౌపడ ఉప్పు మడులు దాటుకుని వస్తే, ఇక రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యేచోట ఉంటుంది. సాల్సా అనే మాట నేను విన్నది ఉద్యోగంలో చేరాక, 2006లో. తినే పచ్చడేమో అనుకున్నాను (అదీ ఒకటుందని తర్వాత తెలిసింది, కాబట్టి నా తప్పేం లేదు). నేర్చుకోవడం మొదలెట్టింది మాత్రం పెళ్ళయిన పదేళ్ళకి. మా ఆవిడ పట్టుబట్టి క్లాసులో చేర్పించింది.

మూడు నెలలు బాగానే గడిచింది. 2022 డిసెంబరులో ఆఫీసు ఫంక్షన్ కోసం కాఫెటేరియాలో రిహార్సల్ చేస్తున్నాం. మా ఆవిడ గిర్రున తిరగాల్సిన చోట ఒళ్ళు తిరిగింది, ఎడమ పాదం మాత్రం నేలకి అతుక్కుపోయి అక్కడే ఉండిపోయింది. ఆ రెంటికీ మధ్య ఉన్నది మోకాలు. ‘టక్’మన్న శబ్దం నాక్కూడా వినిపించింది. ఎంఆర్ఐ తీస్తే మెనిస్కస్ చిరిగిందన్నారు. తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య వాషర్‌లాగా మెత్తగా ఉండేది, అది. ఆరు నెలలు ఫిజియోథెరపీ. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఆవిడ చెయ్యి దానంతట అదే గోడ మీదకి పోతుంది.

ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. నేర్పించినాయన ‘మేడమ్‌కి బ్యాలెన్స్ తక్కువ’ అన్నాడు. డాక్టరు గారు రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ వేసుకుని తిరిగితే ఇలాగే అవుతుందన్నారు. మా అత్తగారు ‘ఈ వయసులో ఈ గెంతులేమిటి’ అన్నారు. నేను కాఫెటేరియా టైల్స్‌ని తిట్టాను. మా ఆవిడ మాత్రం వారం రోజుల తర్వాత, కాలు దిండు మీద పెట్టుకుని ఒక్క మాటంది: “సర్వర్ పడిపోతే లాగులు చూడందే నిద్రపోవుగా. ఆ రోజు ఎవరో వీడియో తీశారు. అదీ చూడు.”

చూశాను. ఈ టపా అంతా ఆ చూసినదాని గురించే.

సాల్సా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎనిమిది దెబ్బల లెక్క. 1, 2, 3కి అడుగులు పడతాయి, 4కి అడుగు లేదు. 5, 6, 7కి పడతాయి, 8కి లేదు. ఆడవాళ్ళు కుడివైపు తిరిగే మామూలు టర్న్‌లో అసలు పని 5, 6, 7లో జరుగుతుంది. 5కి ఎడమ కాలు ముందుకేసి దాని మీద సగం తిరగాలి. 6కి బరువు కుడికాలి మీదకి మార్చుకుని మిగతా సగం తిరగాలి. 7కి ఎడమ కాలు పక్కకి తెచ్చి పెట్టాలి. ఇది జరగాలంటే 3 అయ్యేసరికి ఆవిడ బరువు మొత్తం కుడికాలి మీద ఉండాలి. అప్పుడే ఎడమ కాలు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన కాలే ముందుకు వెళ్ళగలదు. ఇంతే రహస్యం. పాట నిమిషానికి 180 దెబ్బల వేగంలో ఉంటే ఒక్కో దెబ్బకీ సెకనులో మూడో వంతు. సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోనులో అది పది ఫ్రేములు.

ఫ్రేము ఫ్రేము జరుపుకుంటూ చూస్తే కనపడింది. 3కి ఆవిడ కుడిపాదం ఇంకా పూర్తిగా నేలకి ఆనలేదు. నా ఎడమ చెయ్యి అప్పటికే ఆవిడ చేతిని పైకెత్తి ముందుకు లాగేస్తోంది. నాలుగు ఫ్రేములు ముందు! సెకనులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. నేను లాగినందువల్ల బరువు కుడికాలి మీదకి పూర్తిగా రాలేదు, అలాగని ఎడమకాలూ ఖాళీ కాలేదు. 5కి ఆ ఎడమ కాలు మడమతో సహా పాదం మొత్తం నేలకి ఆనించి వేసింది, పడిపోకుండా ఉండటానికి. నేను పైన చెయ్యి తిప్పుతూనే ఉన్నాను. ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు.

బూట్లూ, టైల్సూ, బ్యాలెన్సూ అన్నీ తర్వాతి సంగతులు. ముందు చెయ్యి నాది.

ఇప్పుడు మీరొక పని చెయ్యండి. లేచి నిలబడండి (క్యూబికల్లో ఉంటే చుట్టూ ఓసారి చూసుకుని). కుడి భుజమూ, కుడి పాదం పక్క భాగమూ గోడకి ఆనించండి. ఇప్పుడు ఎడమ కాలు ఎత్తండి. ఎత్తలేరు. బలం లేక కాదు. కాలు ఎత్తాలంటే ముందు ఒళ్ళు కుడివైపుకి ఒక బెత్తెడు జరగాలి, గోడ జరగనివ్వట్లేదు. రోజూ నడిచేటప్పుడు ఈ జరగడం మనకి తెలియకుండానే అయిపోతుంది. డాన్సులో దీన్నే బరువు మార్చడం అంటారు. అడుగు వెయ్యడమూ, బరువు మార్చడమూ ఒకటి కాదు. పాదం నేల మీద పెట్టి బరువు వెనక కాలి మీదే ఉంచుకోవచ్చు, కొత్తవాళ్ళు చేసేది అదే. చూసేవాళ్ళకి అడుగు పడినట్టే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఫైలు సేవ్ చేశారు గానీ కమిట్ చెయ్యలేదు.

రెండు కాళ్ళ మీదా బరువు ఉంచుకుని తిరగడం ఎంత కష్టమో చిన్న లెక్క వేసుకుందాం. ఇంజినీర్లం కదా, లెక్క లేకపోతే నమ్మం. 60 కిలోల మనిషి నేలని అదిమేది దాదాపు 600 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.5 అనుకోండి. రెండు పాదాల మధ్య 30 సెంటీమీటర్ల దూరముంటే, తిరిగే ఇరుసుకి ఒక్కో పాదం 15 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. తిరగనివ్వకుండా ఆపే టార్క్ 300 ఇంటూ 0.15, అంటే 45 న్యూటన్ మీటర్లు. అదే బరువంతా ఒకే పాదం ముందు భాగం మీద, బొటనవేలి మొదట్లో మెత్తగా దిండులా ఉండే చోట పెడితే? అది 4 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న గుండ్రటి బిళ్ళ అనుకుందాం. టార్క్ 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతుంది. అయిదారు రెట్ల తేడా. ఇక రబ్బరు అడుగైతే ఆ గుణకమే పెరిగిపోతుంది, రెండు లెక్కలూ పైకి పోతాయి. సాల్సా ఆడేవాళ్ళు స్వెడ్ తోలు అడుగున్న బూట్లు కొనేది ఇందుకే, స్టయిలుకి కాదు. ఇంతకీ ఆ 45 న్యూటన్ మీటర్లూ ఎక్కడికి పోతాయి? పాదం తిరగకపోతే చీలమండ మీదుగా మోకాలికి. మోకాలు ముఖ్యంగా తలుపు బందులాంటిది. మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. పక్కకి మెలిపెడితే ఓర్చుకునేది చాలా తక్కువ.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను ఆ చెయ్యి ఎందుకు లాగానో మీకు అర్థం కాదు.

చిన్నప్పుడు భావనపాడు ఒడ్డున సాయంత్రం పూట ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేవారు. మీ అందరికీ తెలిసిన ఆటే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు గుణకారం గుర్తులా పట్టుకుని, కాలివేళ్ళు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరగడం. మగపిల్లలు ఆడితే నవ్వేవారు. అయినా మా అప్ప (మా వైపు అక్కని అప్ప అంటాం) తోడెవరూ దొరక్కపోతే నన్ను లాక్కుపోయేది. మొదటిసారి నేను భయపడి నిటారుగా నిలబడి చేతులతో దాన్ని నావైపుకి లాగాను. ఇద్దరం ఇసకలో పడ్డాం. అప్ప నోటినిండా ఇసక. “ఒరే గుంటడా, సేతుల్తో నాగకురా! ఎనక్కి వాలు. నీ బరువు నాకియ్యి, నా బరువు నువ్వట్టుకో.”

దీని లెక్కా బావుంటుంది. పిల్ల నడుము ఇరుసుకి అర మీటరు దూరంలో ఉండి, రెండు సెకన్లకో చుట్టు తిరిగితే చేతుల మీద పడే లాగుడు తన బరువులో సగం. సెకనున్నరకో చుట్టయితే దాదాపు తొంభై శాతం, అంటే ఇంచుమించు తన బరువంతా. పిల్లలు నవ్వుకుంటూ చేసే పని ఇది. ఇద్దరిలో ఒకరు బరువైతే ఇరుసు వాళ్ళవైపుకి జరుగుతుంది. బరువైనవాళ్ళు తక్కువ వాలాలి, తేలికైనవాళ్ళు ఎక్కువ వాలాలి. అప్ప నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అందుకే నన్ను ‘ఇంకా వాలు, ఇంకా వాలు’ అని అరిచేది. ఈ సూత్రం నాకు ఇంటర్మీడియట్లో మాస్టారు బోర్డు మీద రాశారు. అప్ప పదో తరగతి దాటలేదు.

ఇంకో విషయం, తడి ఇసక అంతా రాసిపెట్టేది. ఆట అయ్యాక అప్ప వంగి అడుగుల గుర్తులు చూసేది. బాగా తిరిగితే అన్నం పళ్ళెమంత గుండ్రటి చోట ఇసక చితికి ఉండేది, వేళ్ళ గుర్తులు లోతుగా, మడమల గుర్తులు పైపైన. చేతులతో లాగి తిరిగితే పీతలు పాకినట్టు చుట్టూ చెల్లాచెదురు గుర్తులు. “ఇదిగో, ఇక్కడ భయపడినావు” అని చూపించేది. నా జీవితంలో నేను చూసిన మొదటి లాగ్ ఫైలు అదే.

ఇప్పుడు అసలు తిరకాసు. ఒప్పులకుప్పలో ఇరుసు ఇద్దరి మధ్య గాలిలో ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ సొంతంగా నిలబడి లేరు, ఒకరు చెయ్యి వదిలితే ఇద్దరూ పడతారు. అక్కడ పట్టుకోవడమే ప్రేమ. సాల్సా టర్న్‌లో అలా కాదు. తిరిగే మనిషికి తన ఇరుసు తన వెన్నులోనే, తన ఒక్క పాదం మీదే ఉంది. తలమీద ఉన్న చెయ్యి కబురు చెప్పడానికే ఉంది, బరువు మొయ్యడానికి లేదు. నేను సాల్సాలోకి ఒప్పులకుప్ప పట్టుకొచ్చాను. నా మనసులో ఆవిడ తిరుగుతున్నంతసేపూ నేను పట్టుకుని ‘కాపాడుతున్నాను’. ఆ కాపాడటమే ఆవిడ ఇరుసుని పక్కకి వంచింది. వంగిన ఇరుసుని నిలబెట్టుకోవాలంటే రెండో కాలు నేలకి ఆనించాలి. ఆనిస్తే పాదం అతుక్కుంటుంది. అక్కణ్ణుంచి కథ మీకు తెలుసు.

వీడియో అయ్యాక ఇదంతా చెబితే మా ఆవిడ అంది, “నన్ను తిప్పకు. ఎప్పుడో, ఎటో చెప్పు చాలు. తిరిగేది నేను.”

మన సినిమాల దోషం కూడా కొంత ఉందిలెండి. హీరో ఒక్క చేత్తో విదిలిస్తే హీరోయిన్ బొంగరంలా తిరిగి వచ్చి గుండెల మీద వాలుతుంది. బొంగరాన్ని తాడుతో లాగి వదలాలి, నిజమే. కానీ మనిషి బొంగరం కాదు, కవ్వం లాంటిది. తాడు ఎంత లాగినా, కవ్వం మొన కుండలో ఒకచోట కుదురుగా ఉండి, పైన కట్టు బిగువుగా ఉంటేనే తిరుగుతుంది. మొన కుదరకుండా తాడు లాగితే కుండ పగులుతుంది. తిప్పేవాడి చెయ్యి తిరిగేవారి నడినెత్తికి పైన, చిన్న గాజంత సున్నా చుడితే సరిపోతుంది. వేళ్ళు కొక్కెంలా వదులుగా ఉండాలి, బొటనవేలితో నొక్కిపట్టకూడదు. చెయ్యి నెత్తి మీద నుంచి ముందుకో పక్కకో పోతే తిరిగేవారి ఒళ్ళు దాని వెంటే పోతుంది. క్లాసులో ఈ మాట చెప్పారా అంటే చెప్పారు. ఒకసారి. తర్వాత గంటన్నర కొత్త కాంబినేషన్ నేర్పించారు.

తిరిగేవారి వైపు నుంచి చూస్తే వరస ఒకటే. అడుగు పడాలి, బరువు రావాలి, ఆ తర్వాతే తిరగాలి. మడమ నేలని వదలాలి, కానీ ఓ చందమామ పుస్తకం దూరేంత చాలు. మునివేళ్ళ మీద లేచిపోనక్కర్లేదు. మోకాలు కొద్దిగా సడలి ఉండాలి. నడుము పాదానికి సరిగ్గా పైన ఉండాలి. ఖాళీ కాలు పక్కనే అంటిపెట్టుకుని రావాలి, ఎక్కడో వెనక వేలాడకూడదు. చేతులు ఒంటికి దగ్గరైతే వేగం పెరుగుతుందని స్కేటింగ్ చూసినవాళ్ళకి తెలుసు. తల చివర్లో కదిలి ముందుగా చేరాలి, అంటే చూపు ఒకచోట నిలిపి ఆఖర్న చటుక్కున తిప్పుకోవాలి. లేకపోతే లోపలి చెవిలో ద్రవం తిరుగుతూ ఉండిపోయి కళ్ళు తిరుగుతాయి. స్పిన్ అయితే ఒకే కాలి మీద చుట్టు పూర్తవ్వాలి. టర్న్‌లో అడుగులు మారతాయి. టర్న్‌లో బరువు మార్చడం రానివాళ్ళు స్పిన్ జోలికి పోవడం, లూపు రాయడం రాకుండా థ్రెడ్లు రాయడం లాంటిది. కొన్నిసార్లు పనిచేస్తుంది. అదే ప్రమాదం.

ముందు పాదమే గొప్ప, మడమ తప్పు అని కాదు నేననేది. కథక్ వాళ్ళు చక్కర్లు ఎడమ మడమ మీదే తిరుగుతారు, డజన్ల కొద్దీ. మన కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద రెండు పాదాలూ పెట్టి, బరువు అటూ ఇటూ మారుస్తూ పళ్ళేన్నే నడిపిస్తారు. నందికేశ్వరుడి అభినయ దర్పణంలో తిరుగుళ్ళకి భ్రమరులని పేరు పెట్టి ఏడు రకాలు చెప్పారు. అందులో ఏకపాద భ్రమరి అని ఒంటికాలి మీద తిరిగేది వేరే, కుంచిత భ్రమరి అని మోకాళ్ళు వంచి తిరిగేది వేరే. అంటే ఎప్పుడో ఆనాడే ‘ఎంత వేగంగా తిరుగుతున్నావు’ అని కాకుండా ‘ఏ కాలి మీద, ఎలా’ అని అడిగి పేర్లు పెట్టారన్నమాట. మా ఉత్తరాంధ్ర మన్యంలో థింసా చూడండి. ఆడవాళ్ళు ఒకరి వెనకగా ఒకరు చేతులు వేసుకుని గొలుసులా అల్లుకుని వలయం తిరుగుతారు. ఆ గొలుసులో ఒక్కరు బరువు ఆలస్యంగా మార్చినా పక్కవాళ్ళ నడుముకి తెలిసిపోతుంది. నేను అరకులో ఓసారి టూరిస్టుగా దూరి తెలుసుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూసి నవ్వింది.

మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఆయనకి డాన్సంటే చిరాకు. కానీ దుంగల మీద నిలబడి వల లాగేటప్పుడు, ఆయన ఏ కాలూ ఊరికే వేసేవాడు కాదు. పాదం ఆనించి, ఒక క్షణం ఆగి, బరువు వేసేవాడు. ఆ ఒక్క క్షణాన్నే నేను మా ఆవిడకి ఇవ్వలేదు. నాలుగు ఫ్రేములు.

సరే, క్లాసుల మీద నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. ఆరు క్లాసుల్లో టర్న్‌లు నేర్పకూడదు. మొదటి నెలంతా బరువు మార్చడమే నేర్పాలి. చెయ్యి పట్టుకోకుండా, విడివిడిగా, చెప్పుల్లేకుండా. ‘ఇలా చేస్తే జనం పారిపోతారండీ, ఫీజులెవరు కడతారు’ అని ఒక మాస్టారు నాతోనే అన్నారు. నిజమే. నేనూ పారిపోయేవాణ్ణే. రెండో క్లాసులో చెయ్యి పైకెత్తి మా ఆవిణ్ణి తిప్పినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకా గుర్తుంది. ఆ గర్వమే అమ్ముడుపోయే సరుకు. అయినా సరే, నా మాట మార్చుకోను.

‘సరదాకి ఆడేదానికి ఇంత సిద్ధాంతమెందుకు’ అనేవాళ్ళుంటారు. సరదాకి ఆడేవాళ్ళకే ఎక్కువ కావాలి. వృత్తిగా ఆడేవాళ్ళకి కండలున్నాయి, అలవాటుంది, సరైన నేల ఉంది. మనం పది గంటలు కుర్చీలో కూర్చుని, ఒళ్ళు వేడెక్కకుండానే, స్పోర్ట్స్ షూతో టైల్స్ మీద స్పిన్ కొడతాం. అదంతా సరదాకేనని మోకాలికి తెలియదు.

అన్నిటికంటే నాకు మండేది ఆడవాళ్ళకిచ్చే సలహా. ‘తేలిగ్గా ఉండండి మేడమ్, ఆయన చేతిలో ఈకలా ఉండాలి’ అంటారు. ఈ మాట విన్న మనిషి ఏం చేస్తుంది? బరువు ఏ కాలి మీదా పూర్తిగా వెయ్యదు. వేస్తే బరువుగా ఉన్నట్టు అనిపిస్తుందేమోనని మొహమాటం. మా ఆవిడే చెప్పింది, మూడు నెలలూ తను ప్రతి అడుగూ సగమే వేశానని, నాకు బరువుగా తగలకూడదని. పట్టుకుంటే తేలిగ్గా అనిపించే మనిషి తన బరువంతా తన కాలి మీద, నేలలోకి దించినావిడ. నేల మీద బరువైతేనే చేతిలో తేలిక. ‘ఈకలా ఉండు’ అన్నవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా నేర్పుతున్నారు. పైగా తప్పు లీడ్ చేసేవాడిదైనా దెబ్బ తినేది తిరిగేవారి మోకాలో, భుజమో. ‘మేడమ్‌కి బ్యాలెన్స్ తక్కువ’ అన్న మాట నేను అందుకే మర్చిపోలేకపోతున్నాను. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, తలూపాను కూడా.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళాం. 2023 ఏప్రిల్లో మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి మావాళ్ళ కబుర్లన్నీ దాని గురించే (భావనపాడు పోర్టు, భావనపాడు పోర్టు అని ఏళ్ళ తరబడి విన్నాం, చివరికి పేరు పక్కూరికి పోయింది). అప్పకి ఇప్పుడు యాభై దగ్గర పడుతోంది. సాయంత్రం మా తొమ్మిదేళ్ళ కూతుర్ని ఒడ్డుకి తీసుకెళ్ళి ఒప్పులకుప్ప తిప్పింది. పిల్ల కేకలు. “సేతుల్తో నాగకే గుంటా!” అదే మాట, ముప్ఫై అయిదేళ్ళ తర్వాత. మా ఆవిడ ఆడలేదు. మోకాలు జాగ్రత్త. ఆట అయ్యాక తనే వంగి ఇసక చూసింది. “ఇక్కడ దీని మడమ దిగింది. ఇక్కడ లాగింది” అంది. అప్ప ఆశ్చర్యపోయి నావైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

హైదరాబాదు వచ్చాక ఆదివారాలు పొద్దున్నే హాల్లో సోఫా జరిపి, సాక్సు వేసుకుని మొదలెట్టాం. టర్న్‌లు లేవు. 1, 2, 3, ఆగు. చెయ్యి పైకెత్తే ముందు నేను ఆగుతాను. బరువు పూర్తిగా వచ్చాక తను ‘వచ్చింది’ అంటుంది. రాకపోతే ‘ఇంకా’ అంటుంది. మొదట్లో అన్నీ ‘ఇంకా’లే. ఇప్పుడు పదింట్లో ఏడెనిమిది సార్లు వస్తోంది. ‘వచ్చింది’ అని తను అనక ముందే నాకు చేతివేళ్ళలో తెలుస్తోంది కూడా, చిన్న బరువు కిందకి దిగినట్టు.

నిన్న హెచ్ఆర్ మెయిల్ చూపిస్తే, పేర్లివ్వమంది మా ఆవిడ. నాకు నోట మాట రాలేదు. ఒక్క షరతు పెట్టింది, టర్న్‌లు లేకుండా. ఉత్త అడుగులు, పాట మొత్తం. అలాంటిది స్టేజీ మీద ఒప్పుకుంటారా అని మెయిల్ పెట్టాను. గడువు శుక్రవారం. ఇంకా జవాబు రాలేదు.